ఓదార్చినవాళ్ళకో బొట్టుబిళ్ళ

ఈమధ్య ఒక కుర్ర టీచరు మా ఇంటికి వచ్చింది. తమ స్కూల్లో చిన్నపిల్లలకు ‘ఎమోషన్స్’ పీరియడ్ పెట్టారని చెప్పింది. కాగితం మీద గుండ్రటి ముఖాలుంటాయట. ఒకటి నవ్వుతూ, ఒకటి ఏడుస్తూ, ఒకటి కోపంగా. పిల్లలు వాటికి రంగులు వేయాలట. ఏ ముఖం ఏమిటో సరిగ్గా చెప్పినవాళ్ళకు చేతి మీద స్టార్ ముద్ర వేస్తారట. “మీరు ఒకప్పుడు ఎల్‌కేజీ చూశారు కదండీ, ఏమైనా సలహా చెప్పండి” అంది.

స్టార్ అన్న మాట వినేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ అమ్మాయి పాపం అడగడానికి వచ్చింది. నేనేమో ఆ పద్ధతి కనిపెట్టినవాళ్ళనూ, దానికి డబ్బా కొట్టినవాళ్ళనూ నానా మాటలూ అని, చివరకు సంగతి చెప్పకుండానే కాఫీ ఇచ్చి పంపేశాను. చెప్పాలంటే నా తప్పు చెప్పుకోవాలి. అది ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పలేకపోయాను. అందుకని రాస్తున్నాను. మీలో పసిపిల్లలకు పాఠాలు చెప్పేవాళ్ళుంటే చదవండి. చదివి నన్ను తిట్టుకున్నా నాకు ఫిర్యాదు లేదు.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత చదివిందంతా పాత కాగితాల కొట్లో ఏరుకున్న పుస్తకాలు, పక్కన ఒక డిక్షనరీ పెట్టుకుని చదివిందే. మెట్రిక్ ప్రైవేటుగా కట్టాను. ట్రైనింగు కాలేజీ గడప తొక్కలేదు కాబట్టి సర్కారు బడిలో ఉద్యోగం రాలేదు. భీమవరానికి దగ్గర్లోనే ఉన్న ఒక చిన్న టౌనులో, ఒక కాన్వెంటులో మాస్టారుగా కుదిరాను. అక్కడి ట్రైనింగయిన మాస్టర్లు మాటల మధ్యలో ‘మెథడ్’ అనేవారు. అని, నావైపు ఒకసారి చూసేవారు. ఆ చూపులు నేను ఒక్కటీ మర్చిపోలేదు.

తొంభైలలో ఆ చుట్టుపక్కల వరిచేలు రొయ్యల చెరువులైపోయాయి. రైతులు చాలామంది పిల్లల చదువుల కోసం టౌనుకు మకాం మార్చారు. మూడున్నరేళ్ళు నిండీ నిండని పిల్లల్ని రిక్షాల్లో కుక్కి పంపించేవారు. వాళ్ళను చూడటానికి కుర్ర టీచర్లెవరూ నిలబడటం లేదని, కరెస్పాండెంటు గారు, అంటే మా స్కూలు యజమాని, నన్ను పిలిచారు. “మాస్టారూ, మీకు ఓపికుంది. ఆ బుడ్డోళ్ళని మీరు చూడండి” అన్నారు. నాకు ఓపికుందని ఆయనకెవరు చెప్పారో తెలియదు.

నలభై మంది పిల్లలు, నేను, ఒక ఆయమ్మ. అదీ మా ఎల్‌కేజీ.

ఆయమ్మకు నలభై దాటి ఉంటాయి. కాలవ అవతలి ఊరి నుంచి నడిచి వచ్చేది. గది ఊడవడం, టిఫిను గిన్నెలు కడగడం, ముక్కులు తుడవడం, పిల్లల్ని బాత్రూముకు తీసుకెళ్ళడం ఆవిడ పని. చదువంటే సంతకం వరకే. అయితే ఆవిడకు ఒక అలవాటు ఉండేది. ఏ పిల్లయినా ఏడుస్తుంటే తను వెళ్ళి ఎత్తుకునేది కాదు. ఇంకో పిల్లను పిలిచేది.

“ఒసేయ్ బంగారూ, ఆడెందుకు ఏడుస్తున్నాడో కనుక్కురా.”

ఆ పిల్ల వెళ్ళి, ఏడ్చేవాడి మొహంలోకి మొహం పెట్టి చూసి, తిరిగొచ్చి చెప్పేది. “వాళ్ళమ్మ కావాలంట.”

“అమ్మ సాయంత్రం వస్తదని చెప్పావా?”

“లేదు.”

“మరి చెప్పిరా. చెప్పి ఆడి పక్కనే కూర్చో. ఏం వాగకు. ఊరికే కూర్చో.”

అంతే. కాసేపటికి ఏడుపు ఆగేది. ఆగకపోతే ఇంకొకణ్ణి పంపేది. నాకు ఇది శుద్ధ బద్ధకంగా కనిపించింది. ఒకరోజు అడిగేశాను.

“ఏమమ్మా, ఏడ్చే పిల్లల్ని నువ్వు చూసుకోవాలి గానీ, పిల్లల చేత చాకిరీ చేయిస్తావేంటి?”

“ఆయ్, నాకున్నయ్యి రెండు చేతులే కదండీ మాస్టారూ” అంది గిన్నె తోముతూనే. “ఆళ్ళకి ఎనభై ఉన్నాయి.”

ఆ జవాబు నాకు నచ్చలేదు. నచ్చకపోవడానికి కారణం అది నాకు తోచకపోవడమే. ఈ మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను. అప్పట్లో నా కడుపులో ఉన్నదాన్ని నేను క్రమశిక్షణ అని పిలుచుకునేవాణ్ణి.

పొద్దున్న రిక్షా ఆగగానే నేను గేటు దగ్గర చెయ్యి చాచి నిలబడేవాణ్ణి. పిల్లలు నా వేలు పట్టుకుని దిగేవారు. దిగి, వేలు వదిలేసి, ఆయమ్మ దగ్గరకు పరుగెత్తేవారు. నేను వాళ్ళకు రిక్షా మెట్టు లాంటివాణ్ణి. ఒకసారి జ్వరం వచ్చి నాలుగు రోజులు రాలేదు. అయిదో రోజు వెళితే ఒక్క పిల్ల కూడా ఏమయిందని అడగలేదు. అదే ఆయమ్మ ఒక పూట కనపడకపోతే అక్షరాలు దిద్దడం మానేసి తలుపు వైపు చూస్తూ కూర్చునేవారు. ఎందుకు రాలేదు, ఎప్పుడొస్తది అని నా ప్రాణం తీసేవారు. ఆవిడ చీర కుచ్చిళ్ళకు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు వేలాడుతూ ఉండేవారు. నేను ఇస్త్రీ పంచె కట్టుకుని వెళ్ళేవాణ్ణి. దాని మీద ఒక్క చేతి మరక పడలేదు. ఇంటికొచ్చి ఆ తెల్ల పంచె మడత పెడుతుంటే అవమానంగా ఉండేది.

అప్పుడే నాకు పిల్లల మనస్తత్వం మీద ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. ముందు పేజీలు చిరిగిపోయి ఉన్నాయి. పిల్లల్లో ఎదుటివాళ్ళ బాధ తెలుసుకునే గుణాన్ని పెంచాలనీ, మంచి పని చేసినప్పుడు గుర్తించాలనీ అందులో ఉంది. నేను అక్కడే ఆగిపోయాను. తర్వాతి పేజీల్లో ఏముందో చూసే ఓపిక లేకపోయింది. చదువు రాని ఆయమ్మ చేసే పనిని నేను పద్ధతిగా, శాస్త్రీయంగా చేసి చూపిస్తే ఎలా ఉంటుంది? అదొక్కటే నా తలలో తిరిగింది.

ఒక పెద్ద అట్ట తెచ్చి, పైన ‘మంచి మనసు’ అని రాసి, కింద నలభై పేర్లు రాశాను. ఫ్యాన్సీ షాపులో ఎర్ర బొట్టుబిళ్ళల అట్టలు కొన్నాను. ఏడ్చేవాళ్ళను ఎవరు ఓదారిస్తే వాళ్ళ పేరు పక్కన ఒక బిళ్ళ. ఎక్కువ బిళ్ళలు వచ్చినవాళ్ళు శనివారం నా కుర్చీలో కూర్చోవచ్చు.

మొదటి వారం చూడాలి మా గది! ఎవరైనా మూతి ముడవడమే ఆలస్యం, ఆరుగురు చుట్టూ చేరేవారు. కన్నీళ్ళు తుడిచేవారు, జేబుల్లోంచి మరమరాలు తీసి పెట్టేవారు. అన్నిటికంటే ముఖ్యం, ఓదార్చినవాడు వెంటనే నావైపు తిరిగేవాడు. నలభై జతల కళ్ళు నన్నే చూస్తుండేవి. ఆయమ్మ కుచ్చిళ్ళు ఖాళీ. నాకు ఆ వారం అన్నం సహించింది.

కరెస్పాండెంటు గారు వచ్చి పట్టిక చూసి, “ఇది మరే స్కూల్లోనూ లేదండి మాస్టారూ” అని, పిల్లల్ని చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులకు చూపించడం మొదలుపెట్టారు. ట్రైనింగయిన మాస్టర్లు కూడా తొంగి చూసి వెళ్ళారు. ఆయమ్మ మాత్రం చీపురు పట్టుకుని పట్టిక ముందు కాసేపు నిలబడింది.

“బానే ఉందండి మాస్టారూ. ఓదార్చినోడికి బిళ్ళ ఇస్తన్నారు. మరి ఏడిచినోడికి ఏమిస్తారండి?”

ఆవిడకు కడుపుమంట అనుకున్నాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

మూడో వారం వచ్చేసరికి గదిలో ఏడుపులు ఎక్కువయ్యాయి. వానాకాలం, జలుబులు, చిరాకులు అనుకున్నాను. ఒక శనివారం ఐసు ఫ్యాక్టరీ వాళ్ళ కోడలు కూతురి చెయ్యి పట్టుకుని నేరుగా ఆఫీసు రూములోకి వచ్చింది. కరెస్పాండెంటు గారు నన్ను పిలిపించారు.

“ఇదేంటండి మాస్టారూ?” అంటూ ఆ తల్లి పిల్ల గౌను చెయ్యి పైకెత్తింది. భుజం కింద నాలుగైదు చోట్ల చర్మం కమిలిపోయి ఉంది. “ఎవరు గిల్లారంటే చెప్పదు. రాత్రి స్నానం చేయిస్తుంటే చూశాను. పిల్లల్ని బడికి పంపుతున్నామా, ఎక్కడికి పంపుతున్నామండి?”

పిల్ల నేలకేసి చూస్తూ నిలబడింది. కరెస్పాండెంటు గారు నన్ను అడిగారు.

“మీరు లేనప్పుడు పిల్లల దగ్గర ఎవరుంటారు మాస్టారూ?”

“ఆయమ్మే ఉంటుందండి” అన్నాను.

అబద్ధం ఆడలేదు. ఆ తర్వాత రోజంతా నాకు నేను ఇదే చెప్పుకున్నాను. అడిగిన ప్రశ్నకు ఉన్న జవాబే చెప్పాను. కానీ ‘ఆయమ్మే’ అన్నప్పుడు కాస్త ఆగి, కళ్ళు దించుకుని అన్నాను. అలా ఎందుకు అన్నానో నాకు తెలుసు.

ఆయమ్మను పిలిచారు. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. కొంగుకు చేతులు తుడుచుకుని, రెండు చేతులూ ఆ తల్లి ముందు చాపింది. “చూడండమ్మా. రోజంతా గిన్నెలు తోమే చేతులండి. నాకు గోళ్ళెక్కడున్నాయి?” నిజమే. వేళ్ళ చివర్లు పగిలి, గోళ్ళు అరిగిపోయి ఉన్నాయి. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. స్పష్టంగా చూశాను. ఏమీ మాట్లాడలేదు.

“నిజం తేలేదాకా నువ్వు రావద్దులే” అన్నారు కరెస్పాండెంటు గారు. ఆవిడ నావైపు ఒక్కసారి చూసి వెళ్ళిపోయింది.

సోమవారం పిల్లలు నా ఒక్కడి చేతికి వచ్చారు. కావాలనుకున్నది అదే కదా. ఇంటర్వెల్లో నేను వరండాలోకి వెళ్ళి, కిటికీలోంచి లోపలికి చూశాను. ఐసు ఫ్యాక్టరీ పాప, ఎరువుల కొట్టు వాళ్ళ మనవడు ఎదురెదురుగా కూర్చున్నారు. పట్టికలో అందరికంటే ఎక్కువ బిళ్ళలున్నది ఆ బుడ్డోడికే.

“మొన్న నేను ఏడిచానుగా. ఇవాళ నువ్వు ఏడువు” అంటోంది ఆ పిల్ల.

“ఇంకొక్కసారే. ఇదయ్యాక నీ వంతు” అన్నాడు వాడు.

పిల్ల కాసేపు ఆలోచించి చెయ్యి చాపింది. వాడు గిల్లాడు. ఆ పిల్ల నిజంగానే ఏడ్చింది. వాడు వెంటనే మెడ చుట్టూ చెయ్యి వేసి, “ఏడవకమ్మా, నేనున్నాగా” అంటూ, నేనెక్కడున్నానో అని గది అంతా వెతుక్కున్నాడు.

ఇంకొకటి కూడా చూశాను. గోడ పక్కన అందరికంటే చిన్న పిల్ల గౌను తడుపుకుని నిలబడింది. నోరు గట్టిగా మూసుకుని, చప్పుడు లేకుండా ఏడుస్తోంది. పిల్లలు ఆ పిల్ల పక్కనుంచే వెళుతున్నారు, వస్తున్నారు. ఒక్కరూ ఆగలేదు. చప్పుడు రాని ఏడుపు మాస్టారికి వినపడదు. దానికి బిళ్ళ రాదు. మూడు వారాల క్రితం వరకూ అదే గదిలో అదే పిల్లలు ఒకరి మొహంలోకి ఒకరు చూసుకునేవారు. ఇప్పుడు అందరూ నా మొహంలోకి చూస్తున్నారు.

ఇక్కడైనా నేను మనిషిలా ప్రవర్తించాను అనుకుంటే పొరపాటు. ఆ పూట నాకు వచ్చిన మొదటి ఆలోచన, పట్టిక చడీచప్పుడు లేకుండా తీసేద్దామని. గిల్లుళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. ఆయమ్మ వెళ్ళిపోయింది కాబట్టి ఆగాయనుకుంటారు. ఆవిడ చేసే పని నాకిప్పుడు తెలుసు, నేనే చేస్తాను. పిల్లలు నావాళ్ళవుతారు. ఇది నేను పూర్తిగా మెలకువలో ఉండి ఆలోచించాను.

భోజనాలయ్యాక పట్టిక తీసి బీరువా వెనక పెట్టాను. గౌను తడుపుకున్న పిల్ల ఇంకా వెక్కుతూనే ఉంది. ఎరువుల కొట్టు వాళ్ళ బుడ్డోణ్ణి పిలిచాను. ఆయమ్మ గొంతులోని మెత్తదనం తెచ్చుకుని, “నాన్నా, ఆ పాప ఎందుకు ఏడుస్తోందో కనుక్కురా” అన్నాను.

వాడు బుద్ధిగా చేతులు కట్టుకుని అడిగాడు. “ఎన్ని బిళ్ళలండి?”

సాయంత్రం గంట కొట్టగానే కరెస్పాండెంటు గారి దగ్గరకు వెళ్ళి అంతా చెప్పాను. ఆయన ముందు నవ్వారు, తర్వాత తలుపు వేశారు.

“మాస్టారూ, ఆ పట్టిక నేను ఎంతమందికి చూపించానో తెలుసా మీకు? ఇప్పుడు పిల్లలే గిల్లుకున్నారండి, మా మాస్టారే నేర్పాడండి అని చెప్పమంటారా? ఆయమ్మని తీసేశాం, గొడవ సద్దుమణిగింది. ఇంకో ఆయా దొరుకుతుంది. వదిలేయండి.”

నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. మధ్యాహ్నం నేను అనుకున్నదే ఆయన పైకి అన్నారు. బహుశా అందుకే అంత కోపం.

సైకిలు తీసి కాలవ దాటి ఆవిడ ఊరు వెళ్ళాను. ఇంకా పొద్దుంది. అరుగు మీద కూర్చుని గోంగూర ఆకు దూస్తోంది. నన్ను చూసి లేవలేదు. కూర్చోమనలేదు.

“ఆయమ్మా, పిల్లలే గిల్లుకుంటున్నారు. నా బిళ్ళల కోసం” అన్నాను.

“నాకు తెలుసండి.”

“తెలుసా? మరి ఆ రోజు చెప్పలేదేం?”

“ఎవరికి చెప్పమంటారండి, మీకా?” అంది. “ఆ ఎరువుల కొట్టోళ్ళ బుడ్డోడి పేరు చెప్తే ఆణ్ణి ఎండలో నించోబెడతారు. నాలుగేళ్ళోడండి ఆడు. బిళ్ళ ఇస్తానంటే గిల్లాడు. మీరు లడ్డు ఇస్తానంటే కొరుకుతాడు. ఆడి తప్పేంటండి?”

నేను నిలబడే ఉన్నాను. ఆవిడ కాడలు ఒకవైపు, ఆకులు ఒకవైపు వేసుకుంటూ అదే గొంతుతో అంది.

“మీకు నామీద కుళ్ళండి మాస్టారూ. ఎప్పట్నించో తెలుసు. పోన్లెండి, కుళ్ళు ఎవరికుండదు? మీరు అంతంత పుస్తకాలు చదూతుంటే నాకూ ఉందండి. అలాగని నేను మీ పుస్తకాలు తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టలేదు కదండీ?”

యాభై నాలుగేళ్ళ వయసు వచ్చేదాకా నన్ను అంత మర్యాదగా ఎవరూ చెంపదెబ్బ కొట్టలేదు.

“నన్ను క్షమించమ్మా” అన్నాను.

“అయ్యన్నీ నాకు తెలీదండి. ఊళ్ళో నన్ను పసిపిల్లల్ని గిల్లినదాన్నంటున్నారు. రేపు పొద్దున్న గేటు కాడికి వస్తాను. ఆ తల్లి వస్తది కదా. అందరి ముందూ చెప్పండి. గట్టిగా చెప్పండి. ఒక్కటే మాట, ఏ పిల్ల పేరూ ఎత్తకూడదు. మీ తప్పని చెప్పండి.”

మర్నాడు గేటు దగ్గర రిక్షాలు, స్కూటర్లు కిక్కిరిసి ఉన్నాయి. ఆయమ్మ రోడ్డుకు అవతలి పక్క నిలబడింది. ఐసు ఫ్యాక్టరీ కోడలు పాపను దింపగానే ఆమె ముందుకు వెళ్ళి నిలబడ్డాను. క్లాసులో అరిచే గొంతుతోనే చెప్పాను.

“అమ్మా, మీ పాపను ఆయమ్మ గిల్లలేదు. ఆవిడ చెయ్యి కూడా తగల్లేదు. ఓదార్చినవాళ్ళకు బొట్టుబిళ్ళ ఇస్తానని పిల్లలకు ఆశ పెట్టింది నేను. ఆ ఆశతో పిల్లలు ఒకరినొకరు ఏడిపించుకున్నారు. అనుమానం ఆయమ్మ మీదకు పోయేటట్టు మాట్లాడింది కూడా నేనే.”

వెనకనుంచి ఒక తాతగారు, “పెద్దమనిషివనుకున్నాం కదయ్యా మాస్టారూ!” అన్నాడు. ఎవరో నవ్వారు. ఆ తల్లి రోడ్డు అవతలికి చూసి, “రామ్మా, లోపలికి రా” అని ఆయమ్మను పిలిచింది. అందరూ వింటుండగా పిలిచింది. ఇక కరెస్పాండెంటు గారు చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆయమ్మ ఆ రోజే పనిలో చేరింది. నన్ను ఆ సాయంత్రమే మూడో తరగతికి మార్చేశారు. రిటైరయ్యేదాకా మళ్ళీ చిన్నపిల్లల గదిలోకి పంపలేదు. ఆ పిల్లలు ‘ఎన్ని బిళ్ళలు’ అని అడగడం మానడానికి ఆయమ్మకు ఆ ఏడాదంతా పట్టిందని విన్నాను. ఆవిడ నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. అదీ న్యాయమే.

కానీ ఆ ఉదయం ఇంకొకటి జరిగింది. ఆ కుర్ర టీచరుకు నేను చెప్పాల్సింది నిజానికి అదే.

నేను ఏ పిల్ల పేరూ ఎత్తలేదు. అయినా ఎరువుల కొట్టు వాళ్ళ బుడ్డోడికి అర్థమైపోయింది. గేటు ఊచ పట్టుకుని, నోరంతా తెరిచి ఏడుపు మొదలుపెట్టాడు. నటన లేదు, దొంగచూపు లేదు. ముక్కు కారుతోంది, ఊపిరి అందడం లేదు. పిల్లలు కొందరు అలవాటు చొప్పున నా మొహం చూశారు. నా చేతుల్లో ఏమీ లేదు. ఎవరూ కదల్లేదు. ఆయమ్మ అప్పటికి గేటు దాటి లోపలికి వచ్చింది, ఎవరినో పిలవబోయింది. పిలవకుండానే ఆగిపోయింది.

ఐసు ఫ్యాక్టరీ పాప తల్లి చెయ్యి వదిలించుకుని వాడి దగ్గరకు నడిచింది. మధ్యలో ఒకసారి ఆగి, తన చేతి మీద కమిలిన మచ్చలు వాడికి కనపడకుండా గౌను చెయ్యి కిందికి లాక్కుంది. పొట్టి చెయ్యి కావడంతో అది ఆగలేదు, పైకి పోయింది. రెండో చేత్తో ఆ మచ్చల్ని మూసి పట్టుకుని, అలాగే వెళ్ళి వాడి పక్కన నిలబడింది.

అన్నాళ్ళూ నేను ఆయమ్మను చూసి కుళ్ళుకున్నాను. ఆ క్షణంలో మాత్రం ఆవిడ గుర్తుకు కూడా రాలేదు. నాలుగేళ్ళ పిల్లను చూసి అసూయపడ్డాను. ఇప్పటికీ పడుతున్నాను.